మడమలో పెట్టె

ఫిబ్రవరి 2, సోమవారం

పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నా ఉలిపెట్టె అటక మీదే ఉంది. ఈరోజు మామే దింపించాడు.

తుపాకికి కొత్త కొయ్య చేయాలట. తాతల నాటి తుపాకి. గొట్టం మూతిలోంచి మందు, గుండు కూరి పేల్చే రకం. పంట మీద పందులు పడకుండా మామ పేరుతో లైసెన్సు ఉంది. గొట్టం ఇనుము కాబట్టి మిగిలింది, కొయ్యను చెద తినేసింది. తుపాకి ఇల్లు దాటి ఇంకొకరి దగ్గర ఉండకూడదని రూలు. ఇంటికొచ్చి చేయమంటే ఆత్మకూరు వడ్రంగులు తుపాకి మాట వినగానే దణ్ణం పెట్టేశారు. అప్పుడు గుర్తొచ్చింది మామకి, కోడలిది ఉదయగిరి అని, అక్కడ చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కడం నేర్చుకుందని.

మన ఇండ్లల్లో ఆడోళ్లు ఉలి పట్టేదేంది, చూసినోళ్లు నవ్విపోరా అని అత్త ఇన్నేళ్లూ అంటూనే ఉంది. తుపాకి అనేసరికి నోరెత్తలేదు. గరిటె చెక్కితే కూలిపని, తుపాకి చెక్కితే కళ.

దీనంతటికీ కారణం మా ఆయన. సందీప్ ఫోన్లో వాళ్ల నాయనకి ఒక వీడియో చూపించాడు. ఎవరో తెల్లగడ్డం ఫారినర్ చేతిలో ఇలాంటిదే తుపాకి. మడమలో, అంటే భుజానికి ఆనే వెనక భాగంలో, చిన్న పెట్టె. దానికి ఇత్తడి మూత, మూతకి మడత బందు. వేలితో నొక్కితే టక్కున తెరుచుకుంటుంది. లోపల గుండుకి చుట్టే నూనెగుడ్డ ముక్కలు పెట్టుకుంటారు. ప్యాచ్ బాక్స్ అంటారట. మామకి అది కావాలి. మా మామ మాలకొండయ్య ఇంట్లో ఉన్నది ఊళ్లో ఇంకెవరింట్లోనూ ఉండకూడదు కదా.

నాక్కూడా కావాలి. ఆ వీడియో అందరూ పడుకున్నాక కూడా చూశాను.

ఫిబ్రవరి 5, గురువారం

గౌసియా ఆపా బందు పంపింది. నాకు ఉలి పట్టడం నేర్పింది ఆమే. వాళ్లింట్లో తమలపాకులు పెట్టే ఇత్తడి పాన్‌దాన్ విరిగిపోతే దాని బందు ఊడదీసి, ఉదయగిరి బస్సు కండక్టర్ చేతికిచ్చింది. సందీప్ ఆత్మకూరు బస్టాండుకి పోయి తెచ్చాడు.

నేనే ఉదయగిరి పోయి తెచ్చుకుంటానన్నాను. పని అయినాక పోదువులేమ్మా, ఆడ నీకోసం ఎవురు ఏడస్తా ఉండారు అంది అత్త. నవ్వుతూనే అంది. ఈ ఇంట్లో ఏది వద్దన్నా నవ్వుతూనే వద్దంటారు. అందుకే పోట్లాడటానికి కూడా ఏమీ దొరకదు.

చెక్క మాత్రం మంచిది దొరికింది. పాత ఇంటి దూలం, గట్టి ఇరుగుడు చెక్క. ప్రేమానందం భుజాన వేసుకుని తెచ్చి శనక్కాయలు పోసే గదిలో దింపాడు. మా చేనికీ నిమ్మతోటకీ కాపలా అతనే. భార్య హన్నమ్మ మా ఇంట్లో అంట్లు తోముతుంది. దీంతో నాకో మంచి రోకలి చేసీమ్మా, తుపాకి ఎవురికి కావాల అన్నాడు.

ఫిబ్రవరి 9, సోమవారం

చెక్క నా మాట వింటోంది. ఈ ఇంట్లో వింటున్నది అదొక్కటే.

ఫిబ్రవరి 12, గురువారం

పాడు చేశాను.

పోపుల పెట్టెకి గూడు తీసినట్టు తీశాను. అలవాటు. పోపుల పెట్టె చదునుగా ఉంటుంది, తుపాకి మడమ పక్కలు చేప ఒంటిలా వంపు తిరిగి ఉంటాయి. మూత ఒక పక్క లేచి నిలబడింది. అడుగు ఇంకాస్త తీస్తే కూర్చుంటుందనుకున్నాను. తీశాను. ఇంకాస్త. ఇంకాస్త. ఉలి మొన అవతలికి వచ్చేసింది, దవడ ఆనించే వైపు. వేలు పట్టేంత బెజ్జం.

కాసేపు ఆ బెజ్జంలోంచి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. సందీప్ వచ్చి చూసి, పోనీలే, ఇంకో దూలం ఉండాదిగా, దీనికి పోయి ఏడస్తారా అని వీపు తట్టి వెళ్లాడు. అతను చెడ్డవాడైతే నాకు ఎంత హాయిగా ఉండేదో.

ఫిబ్రవరి 13, శుక్రవారం

కానిస్టేబుల్ వచ్చాడు. ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చింది, లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చేయాల అన్నాడు. ఎలక్షన్ అంటే మాదే. సర్పంచ్‌కి సందీప్ నిలబడుతున్నాడు. మామ వరండాలో ఫోన్లో ఓట్ల లెక్కలు మాట్లాడుతూ, కొయ్య పనిలో ఉండాది, లోపల మా కోడల్ని అడుగు అని చెయ్యి ఊపాడు.

కానిస్టేబుల్ గదిలోకి వచ్చి చూశాడు. గొట్టం ఒక పక్క, మీట, మందుని పేల్చే గుర్రం ఒక పక్క, పాడైన కొయ్య బల్ల మీద. ఏంది మేడమ్, ఎలక బొక్క చేసినట్టుండాదే అని బెజ్జంలో వేలు పెట్టి అవతల ఆడించాడు. అలాగే వేలుతో సహా ఫోటో తీసుకున్నాడు, స్టేషన్ గ్రూపులో పెట్టడానికి. తుపాకి విప్పి ఉంది, రిపేరులో ఉంది అనడానికి సాక్ష్యం అట. అయినాక వెంటనే తెచ్చియ్యండి అని చెప్పి మజ్జిగ తాగి వెళ్లాడు.

మామ ఫోన్ మాట్లాడుతూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 19, గురువారం

రెండో కొయ్య. ఈసారి తొందరపడటం లేదు.

ఆపా ఫోన్లో చెప్పింది. మూత అడుగున దీపం మసి పూసి గూట్లో పెట్టి నొక్కాలి. తీస్తే ఎక్కడ తగులుతోందో అక్కడ నలుపు అంటుకుని ఉంటుంది. ఆ నలుపు వరకే గీకాలి, అంతకుమించి ఒక్క పొర కూడా తీయకూడదు. మళ్లీ పూయి, మళ్లీ నొక్కు, మళ్లీ గీకు. ఓపికున్నవాళ్ల పని.

మసి నా చేతులకంటి, అక్కడినుంచి అత్త పాలగిన్నెకంటి, పెద్ద గొడవైంది. అందుకని నా కాటుక డబ్బీ తీశాను. మసికంటే బాగా పనిచేస్తోంది, పల్చగా అంటుతుంది, జారదు. ఈ కాటుక కళ్లకి పెట్టుకుంటే నాలుగేళ్లలో ఒక్కరూ బాగుందనలేదు. ఇరుగుడు చెక్కకి మాత్రం భలే నప్పింది.

బందు మధ్యలో పుల్ల అరిగిపోయింది. సైకిల్ చక్రం పుల్ల కోసి వేశాను. మూతని పైకి తన్నడానికి పాత గోడగడియారం స్ప్రింగు ముక్క.

ప్రేమానందం వచ్చి అత్తని పాత చీరలు అడిగాడు. చేను చుట్టూ కడితే గాలికి ఆడుతుంటే పందులు రావు. అత్త ఏరి ఏరి చిరిగినవే ఇచ్చింది.

ఫిబ్రవరి 24, మంగళవారం

కూర్చుంది. మూత గూట్లో కూర్చుంది! కళ్లు మూసుకుని వేలితో తడిమితే చెక్క ఎక్కడ అయిపోయిందో ఇత్తడి ఎక్కడ మొదలైందో తెలియలేదు. నొక్కితే టక్. మూస్తే టక్.

గదిలో ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వాను.

ఫిబ్రవరి 26, గురువారం. సాయంత్రం అయిదు

అయిపోయింది. అవిసెనూనె మూడు పూతలు పీల్చుకుని కొయ్య లోపలినుంచి ఎర్రగా మెరుస్తోంది. మామ మధ్యాహ్నం నుంచి వరండాలో వచ్చినవాళ్లకల్లా మూత తెరిచి చూపిస్తున్నాడు. మా కోడలు చేసింది అంటున్నాడు. మా కోడలు అని ఇంత గట్టిగా అనడం మొదటిసారి విన్నాను.

రేపు స్టేషన్లో ఇచ్చేయాలి. ఒక్క తూరన్నా పేల్చకుండా ఇచ్చేదేంది అని సందీప్ ఇప్పుడే తుపాకి తీసుకుని చేని వైపు పోయాడు. నేను వద్దనలేదు. పేలితే వినాలని నాకూ ఉంది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

నిన్న పొద్దు గూకేవేళ పేలింది. నేను పెరట్లో ఉన్నాను. భలే పేలింది అనుకున్నాను. ఆ మాట నా మనసులో నేనే అనుకున్నాను. దాన్ని ఇప్పుడు ఎక్కడ దాచుకోను?

చీరల వెనక ఏదో కదిలిందట. సందీప్ పంది అనుకున్నాడట. ప్రేమానందం వంగి ఊడిపోయిన చీర ముడేస్తున్నాడు. గుండు అత్త పాతచీరలోంచి పోయి అతని తొడలో దిగింది. ఎముక నుజ్జయిందట. సందీపే మోసుకొచ్చి కారులో వేసుకుని ఆత్మకూరు, అక్కడినుంచి నెల్లూరు ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇందాక వచ్చాడు. చొక్కా నిండా రక్తం. నా ఒళ్లో తలపెట్టి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

అప్పుడే మామ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మన తుపాకి పేలలేదు అన్నాడు. అర్థం కాక చూశాను. మన తుపాకి ఇంకా నీ బల్ల మీద ముక్కలుగా ఉండాదమ్మా, కానిస్టేబులే చూసి పోయినాడు, ఫోటో కూడా ఉండాది అన్నాడు. సోమవారం సందీప్ నామినేషన్.

సాయంత్రం

తుపాకి విప్పాను. విప్పమన్నది మామ. విప్పింది నేను.

గొట్టంలో వేడినీళ్లు పోసి మందు వాసన పోయేదాకా కడిగించారు. కొత్త కొయ్యను ఏం చేయాలంటే నీళ్లపొయ్యిలో పెట్టమన్నారు. అత్త పక్కనే నిలబడింది. ఇరుగుడు తొందరగా అంటుకోదు. అంటుకున్నాక మాత్రం గంటలకొద్దీ కాలింది. ఆ నీళ్లతోనే అందరూ స్నానాలు చేశారు. నన్నూ చేయమన్నారు. చేశాను.

బూడిదలోంచి ఇత్తడి మూత తీసి అత్త చింతపండు పెట్టి తోమింది. పారేయబుద్ధి కాలేదట.

ఎవరైనా అడిగితే చెప్పాల్సింది ఇదీ: మొదట చేసిన కొయ్య బెజ్జం పడి పాడైంది, పొయ్యిలో పెట్టేశాం, రెండోది ఇంకా మొదలే పెట్టలేదు. వరండాలో మూత చూసి మెచ్చుకున్నవాళ్లందరూ మామ మనుషులే. ఎవరూ ఏమీ చూడలేదట.

మార్చి 1, ఆదివారం

ఒక అబద్ధానికి ఇంకోటి తోడు కావాలి. మన తుపాకి కాకపోతే మరి ఎవరిది పేలింది?

మామ దానికీ జవాబు తెచ్చాడు. ప్రేమానందానిదే. దొంగచాటుగా నాటు తుపాకి పెట్టుకున్నాడు, మందు కూరుతుంటే తన తొడలోనే పేలింది. ఆసుపత్రి ఖర్చంతా మనమే పెట్టుకుంటాం, ఊళ్లో ఇంటిస్థలం రాసిస్తాం, వాడికేం తక్కువ చేయం అన్నాడు. చిన్న కేసు, ఎలక్షన్ అయినాక నేను చూసుకుంటా అన్నాడు.

కానీ పోలీసులకి చూపించడానికి ఆ నాటు తుపాకి కావాలి కదా. అటక మీద తుప్పుపట్టిన ఇంకో గొట్టం ఉంది, ఎప్పటిదో. దానికి ఆ పాడైన కొయ్య బిగించి, మోటుగా చేసియ్యమ్మా అని నన్ను అడిగాడు. ఆజ్ఞ కాదు, అడిగాడు. పక్కనే ఉన్న అత్త నా తల నిమిరింది.

ఉదయగిరి పోయి అమ్మని చూసొస్తానన్నాను. ఇంట్లో ఇట్టా ఉంటే పోతారా ఎవురన్నా అంది అత్త. ఈసారి నవ్వలేదు. నా ఫోన్ చార్జింగ్ అని సందీప్ తన దగ్గర పెట్టుకున్నాడు.

మార్చి 2, సోమవారం

హన్నమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది, బట్టలు తీసుకుపోవడానికి. మా పెరట్లోకి వచ్చి అలవాటు కొద్దీ అంట్ల ముందు కూర్చుంది. అత్త నామినేషన్ ఊరేగింపుకి పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

చెప్పేశాను. తుపాకి మాదే, పేల్చింది సందీపే, కొయ్య నేనే కాల్చాను, నీ మొగుడి పేరు మీద ఇంకోటి చేయమంటున్నారు, నేను చేయను, ఎస్సైకి చెప్పేస్తాను అన్నాను. ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆమె నా కాళ్ల మీద పడుతుందో, నా మొహాన ఉమ్ముతుందో అనుకున్నాను.

ఆమె గిన్నె తోముతూనే ఉంది. నాకు తెలవకనా అమ్మా అంది. మా ఆయన పడినకాడినుంచి లేపింది సందీప్ బాబే అయితే, పేల్చిందెవురో నాకు తెలవదా అంది. పెద్దాయన మాతో మాట్లాడినాడు, మా ఆయన కూడా సరే అన్నాడు, నువ్వు నోరు ఇప్పినావంటే ఆసుపత్రిలో ఖర్చు పెట్టేదెవురు, కాలు నిలిపేదెవురు, నీకు పుణ్యముంటాది, గమ్మునుండు అంది.

చేతులు కడుక్కుని లేచాక ఇంకో మాట అంది. ఆ తుపాకేదో తొందరగా చేసీమ్మా, పోలీసోళ్లు రోజూ వచ్చి అడగతా ఉండారు.

ఇంట్లోవాళ్లు చేయమంటే చేయనని చెప్పగలను. దెబ్బ తిన్నవాళ్లే చేయమంటే? అడకత్తెరలో పోకచెక్క అంటారు. దానికైనా రెండు వైపులే.

మార్చి 3, మంగళవారం

చేశాను.

నునుపు చేసిన కొయ్యని ఆకురాయితో గరుకు చేశాను. మట్టి రుద్దాను, ఇంజనాయిల్ పూశాను, గొట్టాన్ని తీగతో చుట్టాను. చేతకానివాడు చేసినట్టు చేయడం ఎంత కష్టమో. చెయ్యి తనంతట తానే సరిగ్గా పోతుంది, లాగి వంకర చేయాలి.

పెట్టె కోసం తీసిన గూటిని చెక్క దిమ్మ కొట్టి పూడ్చాను. అవతలి పక్క బెజ్జానికి బిరడా చెక్కాను. అది పెడుతుంటే తట్టింది. కానిస్టేబుల్ వేలు పెట్టి ఫోటో తీసుకున్నది ఈ బెజ్జంలోనే. ఈ కొయ్యనే పొయ్యిలో పెట్టామని మామ స్టేషన్లో చెప్పి వచ్చాడు. అదే కొయ్య రేపు ప్రేమానందం తుపాకి అయి స్టేషన్‌కి పోతుంది. ఆ ఫోటో మమ్మల్ని కాపాడుతుందని మామ ధీమా. ఆయన నా బల్ల మీద ఏముందో ఒక్కసారైనా తల తిప్పి చూసి ఉంటే తెలిసేది. వాళ్లకి కట్టె అంటే కట్టే.

మామని పిలిచి చెప్పాలి. చెప్పలేదు.

బిరడాకి ఫెవికాల్ పూయలేదు. మైనం పెట్టాను. ఎందుకని నన్ను నేను అడగలేదు.

మార్చి 5, గురువారం

నిమ్మతోట మోటారు కొట్టంలో గడ్డి కింద తుపాకి దొరికిందట. పోలీసులు తీసుకుపోయారు. ఆసుపత్రి మంచం మీద ప్రేమానందం తనదేనని వేలిముద్ర వేశాడట. మామ అత్తని పాయసం చేయమన్నాడు. అడిగితే ఏకాదశి అన్నాడు. కాదు.

మార్చి 9, సోమవారం

హన్నమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి పెరటి వైపు రాలేదు, వీధి వాకిట్లో నిలబడింది.

చిన్న కేసు కాదట. లైసెన్సు లేని తుపాకి, అది కూడా ఎలక్షన్ టైమ్‌లో. మంచం పక్కన పోలీసు కూర్చున్నాడట. ఆసుపత్రి నుంచి వదిలితే నేరుగా జైలుకే అని చెప్పారట. ఇన్నాళ్లూ ఆ మనిషికి కాలు లేకపోయినా ఇల్లుంటాదనుకున్నాం, ఇప్పుడు ఇల్లేడ, జైలేడ పెద్దాయనా అని అరిచింది. మామ కుర్చీలోంచి లేవలేదు. మాటంటే మాటే, మీ ఇంటికి బియ్యం పంపిస్తా ఉండానా లేదా అన్నాడు.

పోతూ పోతూ కిటికీలో ఉన్న నన్ను చూసింది. మొన్న నోరు మూయించిన మనిషి ఇవాళ ఏ మొహంతో తెరవమంటుంది? ఆ చూపు మాత్రం నా మీదనుంచి దిగలేదు.



మార్చి 10, మంగళవారం

రేపు స్టేషన్‌కి రమ్మన్నారు. ప్రేమానందానికి గుండు తగిలిన రోజున మా తుపాకి విప్పి ఉంది, నా బల్ల మీదే ఉంది అని నేను రాసి సంతకం పెట్టాలి. అంతే, అయిదు నిమిషాల పని అన్నాడు మామ.

సందీప్ గదిలో నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. నువ్వు ఏమన్నా చెప్పినావంటే ముందు లోపలికి పోయేది నువ్వే నిరోషా, దొంగతుపాకి చేసినదానివి నువ్వేగా, నాది పొరపాటు, నీది నేరం అన్నాడు. బెదిరించడానికి కాదు. నిజంగానే నా గురించి భయపడుతున్నాడు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. అతను చెప్పింది అబద్ధం కాదు. అదే నాకు ఊపిరాడనివ్వడం లేదు.

భయమేస్తోంది. ఇంకేమీ రాయలేను.

మార్చి 11, బుధవారం. ఉదయగిరి

అమ్మ ఇంట్లో రాస్తున్నాను.

పొద్దున కారులో నన్ను మధ్యలో కూర్చోబెట్టారు, అటు అత్త, ఇటు సందీప్. పట్టుచీర కట్టించారు. ఎస్సై కుర్రవాడే. చాలా మర్యాదగా మాట్లాడాడు. కాగితం అంతా ముందే రాసి ఉంది. కింద నా పేరు. పెన్ను ఇచ్చాడు.

ప్రేమానందం తుపాకి ఆయన వెనక బల్ల మీద, చీటీ కట్టి ఉంది. తలుపు దగ్గర ఆ కానిస్టేబులే నిలబడి ఉన్నాడు. నేను పెన్ను పట్టుకుని అతన్ని అడిగాను. ఆ రోజు మీరు తీసిన ఫోటో ఉందా అని. ఉందన్నాడు. ఎస్సైగారికి చూపించమన్నాను. ఆ తుపాకి నా చేతికి ఒక్క నిమిషం ఇవ్వమన్నాను. మామ లేచాడు. మా కోడలికి నాల్రోజుల్నుంచి నిద్ర లేదు సార్, మతి సరిగా లేదు, మల్లా తీసుకొస్తాం అన్నాడు. ఎస్సై ఆయన్ని కూర్చోమన్నాడు. నన్ను కొయ్యని ముట్టుకోనిచ్చాడు.

బొటనవేలితో నెట్టాను. మైనం కదా, బిరడా ఊడి బల్ల మీద పడి దొర్లింది. బెజ్జంలో నా వేలు పెట్టాను. కానిస్టేబుల్ ఫోన్ తెచ్చి పక్కన పెట్టాడు. అతని వేలు, నా వేలు, అదే బెజ్జం. అతని మొహం తెల్లబోయింది.

ఈ తుపాకి ఎవురు చేసినారు అని అడిగాడు ఎస్సై. నేనే అన్నాను. మూత పెట్టె ఉన్న అసలు కొయ్య ఏమైందో, ఎవరు పేల్చారో, అన్నీ వరసగా చెప్పాను. ఆగలేదు. సందీప్ నన్ను చూడలేదు, తన చెప్పుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. అత్త ఒక్క మాట అంది. నీకేం తక్కువ చేసినామే అంది. నిజంగానే ఏమీ తక్కువ చేయలేదు.

నా మీద కూడా కేసు ఉంటుందన్నారు. పిలిచినప్పుడల్లా రావాలి. చెప్పకుండా ఉదయగిరి దాటకూడదు. అమ్మ వచ్చి తీసుకొచ్చింది. బస్సులో దారంతా అమ్మ నా చెయ్యి పట్టుకునే ఉంది, ఎక్కడికో పారిపోతానన్నట్టు.

నాలుగేళ్లుగా ఉదయగిరి రావాలని ఏడ్చాను. ఇప్పుడు ఉదయగిరి దాటకూడదట.

మార్చి 20, శుక్రవారం

సందీప్ బెయిల్ మీద వచ్చాడట. నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. అత్త డమ్మీగా వేసిన నామినేషన్ ఉందట, ఇప్పుడు మా అత్త వెంకమ్మే క్యాండిడేటు. కోడలు ఇంటి పరువు తీసిందని చెప్పుకుని ఓట్లడుగుతోందట. గెలుస్తుందనే అంటున్నారు.

ప్రేమానందం మీద కేసు తీసేస్తారట. మంచం పక్కన పోలీసు లేడు. ఆసుపత్రికి మామ డబ్బు కట్టడం కూడా ఆపేశాడు. అన్నీ ఒకే రోజు.

నేను చేసింది ఎవరికి మేలో నాకే తెలియడం లేదు. హన్నమ్మకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. గౌసియా ఆపా గరిటెల చెక్క తెచ్చి నా ముందు పడేసి, పని చెయ్ బేటీ, కూర్చుంటే పిచ్చి ఎక్కతాది అంది. ఉలి పట్టుకోలేదు. చెక్క చూస్తే పొయ్యి గుర్తొస్తోంది.

మార్చి 29, ఆదివారం

హన్నమ్మ ఫోన్ చేసింది. ప్రేమానందం కాలు తీసేశారట.

ఏడవలేదు, తిట్టలేదు. చంకకర్ర నువ్వే చెయ్యాల అంది. అతని ఎత్తు చెప్పింది.